ఊరంతా "హలో" అని అరిచిన రోజులు: ఫూలింగ్‌లో ఒక అమెరికన్ మాస్టారు

ఇవాళ్టి కథ టాక్సీ హారన్‌తో మొదలుపెడదాం.

చైనాలో ఫూలింగ్ అని ఒక ఊరు. 1990ల్లో అక్కడ ఉన్న ఒక అమెరికన్ కుర్రాడు ఒకరోజు టాక్సీ ఎక్కి, డ్రైవర్ ఎన్నిసార్లు హారన్ కొడుతున్నాడో లెక్కపెట్టాడు. పదిహేను నిమిషాల్లో ఐదు వందలు దాటింది. అమీర్‌పేట్‌లో రోజూ తిరిగేవాళ్లకి ఇదేం పెద్ద వింత కాదనుకోండి. కానీ నేను ఆగిపోయింది ఆ లెక్కపెట్టడం దగ్గర. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ ఆ పని చెయ్యరు. మనం మన వీధి కుళాయి దగ్గర రోజూ ఎన్ని బిందెలు నిండుతాయో లెక్కపెడతామా? బయటినుంచి వచ్చినవాడు లెక్కపెడతాడు. పుస్తకంలో రాసుకుంటాడు. ఊరు మారిపోయాక ఆ పుస్తకమే మిగులుతుంది. ఇది మంచిదా, ఇబ్బందా? రెండూనేమో. చెప్తాను వినండి.

ఆ కుర్రాడి పేరు పీటర్ హెస్లర్. 1996 ఆగస్టు చివర్లో, ఇరవై ఏడేళ్ల వయసులో, చోంగ్‌చింగ్ నుంచి పడవ మీద యాంగ్ట్జీ నది వెంట కిందికి వచ్చి ఫూలింగ్‌లో దిగాడు. పడవ ఎందుకంటే, అప్పటికి ఆ ఊరికి రైలు లేదు. రోడ్డు ఉన్నా అధ్వానం. యాంగ్ట్జీలో వు అనే నది కలిసేచోట కొండ మీద కట్టుకున్న ఊరది. ఎటు చూసినా మెట్లే. సైకిళ్ల దేశమని పేరుపడ్డ చైనాలో సైకిల్ కనిపించని ఊరు. సామాన్లన్నీ కూలీలు వెదురు బొంగుకి రెండు వైపులా వేలాడదీసుకుని, అదే మన కావడిలాగా, మెట్ల మీదుగా మోసుకెళ్లేవాళ్లు.

ఆయన వచ్చింది పీస్ కోర్ తరఫున, అక్కడి టీచర్స్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పడానికి. అమెరికా ప్రభుత్వం వాలంటీర్లని పేద దేశాలకి పంపే సంస్థ అది. చైనాకి 1993లో మొదటి బృందం వెళ్లింది. "పీస్ కోర్" అనే పేరుకి చైనాలో పాత రాజకీయ మసి అంటుకుని ఉంది కాబట్టి, అక్కడ వీళ్లని "అమెరికా-చైనా స్నేహ వాలంటీర్లు" అనేవాళ్లు. జీతం నెలకి వెయ్యి యువాన్లు, అప్పటి లెక్కలో సుమారు 120 డాలర్లు. ఆయనతో పాటు ఇంకో అమెరికన్ వాలంటీర్ ఉండేవాడు. యాభై ఏళ్లలో ఆ ఊళ్లో కాపురం పెట్టిన మొదటి అమెరికన్లు వీళ్లిద్దరే.

యాభై ఏళ్లంటే నమ్మలేం కదా. అప్పటికే షాంఘైలో, బీజింగ్‌లో విదేశీయులు బోలెడంత మంది. కానీ చైనా లోపలి కొండప్రాంతాల కథ వేరు. 1964 నుంచి మావో "థర్డ్ ఫ్రంట్" అని ఒక భారీ పథకం నడిపాడు. అమెరికాతోనో సోవియట్ యూనియన్‌తోనో యుద్ధం వస్తే తీరంలోని ఫ్యాక్టరీలు పోతాయని భయం. అందుకని పరిశ్రమల్ని లోపలి కొండల్లోకి మార్చారు. ఫూలింగ్ దగ్గర కొండని తొలిచి, 816 అనే నంబరు పెట్టి, రహస్యంగా అణు కర్మాగారం కట్టడం మొదలుపెట్టారు. 20 కిలోమీటర్లకి పైగా సొరంగాలు. వేలాది మంది సైనికులు ఏళ్ల తరబడి తవ్వారు. 1984లో, పూర్తవకుండానే ఆపేశారు. ఇప్పుడది టూరిస్ట్ స్పాట్. టికెట్ కొనుక్కుని వెళ్లి సెల్ఫీ దిగొచ్చు. అలాంటి కొండల మధ్య ఊళ్లో తెల్లతోలు మనిషి నడిచి వస్తే జనం ఆగి చూడకుండా ఉంటారా?

చూశారు. బాగా చూశారు. వీళ్లు సెంటర్‌కి వెళ్తే చాలు, వెనకాల పదిమంది, ఇరవై మంది. హోటల్లో కూర్చుంటే ఏం తింటున్నారో చూడ్డానికి ఒక గుంపు. "వైగ్వోరెన్!" అని కేకలు. అంటే విదేశీయుడు అని. లేకపోతే సాగదీసి "హలో... ఓ!" ఆ హలోలో పలకరింపు తక్కువ, వెక్కిరింపు ఎక్కువ. మొదట్లో ఆయన ఊళ్లోకి వెళ్లడమే తగ్గించేశాడు. మన పిల్లలు అమెరికా వెళ్లిన మొదటి ఏడాది రూమ్‌లో ముడుచుకుని కూర్చుంటారు చూడండి, అలాంటిదే. కాకపోతే వీళ్లని ఎవరూ పట్టించుకోరు, ఆయన్ని ఊరంతా పట్టించుకుంది. రెండిట్లో ఏది కష్టమో నేను చెప్పలేను.

దారి చూపించింది భాష. చైనీస్ నేర్పడానికి కాలేజీలోనే ట్యూటర్లు కుదిరారు. అందులో ఒకావిడ తప్పు పలికితే చాలు, "బుదుయ్!" అనేసేది. తప్పు, అని. అంతే. "పర్లేదు, బాగా ట్రై చేశావు" లాంటి బుజ్జగింపులు లేవు. అమెరికాలో ప్రతిదానికీ మెచ్చుకోళ్లు విని పెరిగినవాడికి ఇది చెంపదెబ్బలా తగిలింది. కసి పుట్టింది. రోజూ గంటల తరబడి అక్షరాలు దిద్దాడు. నిన్నటిదాకా బొమ్మల్లా కనిపించిన సైన్‌బోర్డులు ఒక్కొక్కటీ మాట్లాడటం మొదలుపెట్టాయి.

అక్కడో తమాషా జరిగింది. ఆయనకి చైనీస్‌లో "హో వేయ్" అని పేరు పెట్టారు. ఈ హో వేయ్, పీటర్ హెస్లర్ ఇద్దరూ వేరువేరు మనుషులని ఆయనే రాసుకున్నాడు. హో వేయ్ కాస్త తింగరివాడు, యాసతో మాట్లాడతాడు, అందుకే జనం నవ్వుతారు, పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లో కబుర్లన్నీ చెప్తారు. నూడుల్స్ కొట్టువాళ్లు, పార్కులో ముసలాళ్లు, అందరికీ హో వేయ్ కావాలి. రాత్రి ఇంటికొచ్చాక మాత్రం పీటర్ హెస్లర్ డెస్క్ ముందు కూర్చుని, ఆ తింగరివాడు విన్నదంతా ఇంగ్లీష్‌లో రాసేసేవాడు. ఈ మాట చదివినప్పుడు నాకు కొంచెం గుచ్చుకుంది. కబుర్లు చెప్పినవాళ్లకి ఆ రెండో మనిషి సంగతి ఎంతవరకు తెలుసు?

ఆ రెండేళ్లు ఎలాంటివో కూడా చూడండి. 1997 ఫిబ్రవరిలో డెంగ్ షియావోపింగ్ చనిపోయాడు. అదే ఏడాది చోంగ్‌చింగ్‌ని సిచువాన్ రాష్ట్రం నుంచి విడదీసి కేంద్రం కింద పెట్టారు, ఫూలింగ్ దాంట్లోకి వెళ్లిపోయింది. అంటే ఆయన సిచువాన్‌లో దిగాడు, ఇల్లు మారకుండానే ఇంకో పాలనలోకి వచ్చేశాడు. ఇది మన తెలుగువాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. జులై 1న హాంకాంగ్ చైనా చేతికొచ్చింది. క్లాసులో పిల్లలు ఎక్కువగా రైతుబిడ్డలు. అప్పట్లో చైనా మొత్తం మీద పన్నెండు మంది యువతలో ఒక్కరు కాలేజీ మెట్టు ఎక్కితే గొప్ప. వీళ్లు షేక్‌స్పియర్ నాటకాలు వేశారు. ఆయన వాళ్లకి హామ్లెట్ చెప్తే, వాళ్లు ఆయనకి పార్టీ, పొలం, ఊరు అంటే ఏంటో చెప్పారు.

ఇక అసలు సంగతి, నీళ్లు.

కింద నదికి అడ్డంగా త్రీ గోర్జెస్ డ్యామ్ కడుతున్నారు. 1994 డిసెంబర్‌లో పని అధికారికంగా మొదలైంది. 1997 నవంబర్ 8న నది ప్రధాన పాయని మూసేశారు, టీవీలో చూపించారు. 175 మీటర్ల ఎత్తు దాకా నీళ్లు వస్తాయి, పదమూడు లక్షల మందిని ఖాళీ చేయించాలి. ఫూలింగ్ ఊరి కింది భాగం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మరి ఊళ్లో గగ్గోలు పుట్టాలి కదా? హెస్లర్‌కి ఆశ్చర్యం ఇక్కడే. ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. కరువు, సాంస్కృతిక విప్లవం అన్నీ చూసిన జనం. పై నుంచి వచ్చిన నిర్ణయం మీద వాదించి లాభం లేదని వాళ్లకి అలవాటైపోయింది. పైగా పెద్ద ఓడలు వస్తాయని, కొత్త ఇళ్లు వస్తాయని ఆశ. పాత ఇళ్ల గురించి బాధపడింది ఎక్కువగా బయటివాళ్లే. ఇందులో బయటివాళ్లని తప్పుపట్టను, కానీ చలికాలం ఆ తడిగోడల ఇళ్లలో పడుకున్నది వాళ్లు కాదు కదా.

నదిలో మునిగిపోయేవాటిలో ఒక రాతిగట్టు ఉంది. బైహెలియాంగ్, అంటే తెల్ల కొంగల గట్టు. 1,600 మీటర్ల పొడవు. చలికాలం నది తగ్గినప్పుడే పైకి తేలేది. దాని మీద తాంగ్ వంశకాలం నుంచి, అంటే 1,200 ఏళ్లకి పైగా, నీళ్లు ఏ ఏడాది ఎంత తగ్గాయో చెక్కుకుంటూ వచ్చారు. గుర్తుకోసం రాతి చేపలు చెక్కారు. చేప కళ్లు నీటిమట్టానికి కొలబద్ద అన్నమాట. రాతి చేప బయటపడితే పంట బాగా పండుతుందని నమ్మకం. చూడటానికి వచ్చిన కవులు, అధికారులు తమ రాతలు కూడా చెక్కిపోయారు, మొత్తం ముప్పై వేల అక్షరాలు. హెస్లర్ చలికాలంలో ఆ గట్టు మీదికి వెళ్లి చూశాడు. ఆ చేపల్ని ఒంటి మీద ఎండ పడుతుండగా చూసిన చివరి తరంలో ఆయనొకడు.

మనకి శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం గుడి ఉంది. నీళ్లు తగ్గితే ఎండాకాలంలో బయటపడుతుంది, జనం వెళ్లి పూజలు చేసుకుని వస్తారు. తెల్ల కొంగల గట్టుకి ఆ అదృష్టం కూడా లేదు. డ్యామ్ నీళ్లు ఎంత తగ్గించినా 145 మీటర్ల దగ్గర ఆపుతారు. గట్టు దానికంటే కిందుంది. ఇంక పైకి రాదు.

1998 వేసవిలో హెస్లర్ వెళ్లిపోయే ముందు ఒకటి జరిగింది. గుర్తుగా ఉంటుందని మిత్రుడితో కలిసి సెంటర్లో వీడియో తీస్తున్నాడు. గుంపు చేరింది. ఒకతను గొడవ పెట్టుకున్నాడు, తోపులాట మొదలైంది, కొందరు తన్నారు కూడా. ఇద్దరూ కెమెరా పట్టుకుని బయటపడ్డారు. రెండేళ్లు అక్కడే తిని, అక్కడి భాష నేర్చిన మనిషిని వెళ్లేముందు తరిమారు. నాకు కోపం రావాలి, కానీ పూర్తిగా రాలేదు. మన పాతబస్తీ సందులో ఎవరో ఫారినర్ కెమెరా పెట్టి మురిక్కాలవ తీస్తుంటే మనకి ఒళ్లు మండదా? "మమ్మల్ని ఇలాగేనా చూపిస్తావు" అని అడగాలనిపించదా? ఆ గుంపు మనసులో అదే ఉందని నా అనుమానం.

ఆ అనుమానానికి ఒక ఆధారం ఉంది. "రివర్ టౌన్" పుస్తకం రాతప్రతిని హెస్లర్ తన పాత స్టూడెంట్ ఒకామెకి పంపాడు. చదివి ఆమె చెప్పిన మాటకి సారాంశం ఇది: ఇది చదివాక ఎవరికీ ఫూలింగ్ నచ్చదు, కానీ నువ్వు రాసినవన్నీ నిజాలే కాబట్టి ఫిర్యాదు చెయ్యలేను. ఈ సబ్జెక్ట్ మీద నేను చూసిన మాటల్లో ఇంతకంటే నిజాయితీ ఉన్నది లేదు.

పుస్తకం 2001లో అమెరికాలో వచ్చింది. చైనాలో చైనీస్ అనువాదం 2012 దాకా రాలేదు. ఈ మధ్యలో ఫూలింగ్‌కి ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది, రైలు వచ్చింది, కాలేజీ పెద్ద క్యాంపస్‌కి మారి యాంగ్ట్జీ నార్మల్ యూనివర్సిటీ అయింది. నీళ్లు 2003 జూన్‌లో 135 మీటర్లకి, 2010 అక్టోబర్‌లో 175కి చేరాయి. ఊరి ముందు పెద్ద కాంక్రీట్ కరకట్ట లేచింది. అప్పుడు అనువాదం వచ్చింది, చైనా పాఠకులు ఎగబడి చదివారు. తిట్టుకుంటారేమో అని భయపడిన పుస్తకమే, పాత ఊరు ఎలా ఉండేదో చూసుకునే ఆల్బమ్ అయింది. పేదరికం పక్కనే ఉన్నప్పుడు దాని ఫోటో అవమానం. దాటి వచ్చాక అదే జ్ఞాపకం.

హెస్లర్ 2019లో మళ్లీ పాఠాలు చెప్పడానికి చైనా వెళ్లాడు, ఈసారి చెంగ్దూలోని సిచువాన్ యూనివర్సిటీకి. కూతుళ్లు ఇద్దరినీ లోకల్ స్కూల్లో వేశాడు. అప్పటికి చైనాలో కాలేజీకి వెళ్లేవాళ్లు సగం దాటారు. క్లాసులో రైతుబిడ్డలు తగ్గిపోయి, ఇంటికి ఒక్కరైన సిటీ పిల్లలు వచ్చారు. వీధిలో "హలో" అని ఎవరూ అరవడం లేదు. విదేశీయుడు అంటే ఇప్పుడు వింత లేదు, కానీ అనుమానం పెరిగింది. 2020లో పీస్ కోర్ చైనా కార్యక్రమం మూతపడింది. 2021లో ఆయన కాంట్రాక్ట్ పొడిగించలేదు, తిరిగి వెళ్లిపోయాడు.

రాతి చేపలు మాత్రం ఎక్కడికీ పోలేదు. 2009లో వాటి మీద నీళ్ల అడుగున మ్యూజియం తెరిచారు. కరకట్ట దగ్గర పొడవాటి ఎస్కలేటర్ ఎక్కి నలభై మీటర్ల లోతుకి దిగాలి. అక్కడ గుండ్రటి కిటికీలు ఉంటాయి. కిటికీకి ముఖం ఆనించి చూస్తే, లైటు వెలుగులో, మసక నీళ్ల వెనక, చేప కన్ను కనిపిస్తుంది.