గ్రిల్లుకు వేలాడే మెక్సికో

పాత ఇళ్ళ వరండా గ్రిల్లుల్లోంచి, మెట్ల పక్క కుండీల్లోంచి పొడుగాటి పచ్చ పట్టీల్లా కిందికి జారి వేలాడే మొక్క ఒకటి మన ఊళ్ళలో దాదాపు ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది. ఏడాది పొడుగునా దాని వంక ఎవరూ చూడరు. చూడ్డానికి అందమూ అంతంత మాత్రమే: ఒక కొమ్మ ఇటు, ఒక కొమ్మ అటు, దువ్వని జుట్టులా ఉంటుంది. ఒక్క రాత్రి మాత్రం ఇంటిల్లిపాదీ మేలుకుని, పక్కింటివాళ్ళను పిలిచి, పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపుతారు. ఆ రాత్రికి అది బ్రహ్మకమలం.

అది కమలం కాదు, కాక్టస్. అలా అంటే చాలామంది నమ్మరు. ముళ్ళేవి? ఎడారేది? కానీ పొలం గట్ల మీది నాగజెముడుకు ఇది చుట్టమే. డ్రాగన్ ఫ్రూట్‌కైతే మరీ దగ్గరి చుట్టం. తెలంగాణలో రాతి స్తంభాలకు ఎక్కించి పెంచుతున్న డ్రాగన్ తోటలోకి పూత కాలంలో రాత్రిపూట వెళ్తే, మన ఇంటి పువ్వే ఇక్కడికొచ్చిందా అనిపిస్తుంది.

దక్షిణ మెక్సికో, గ్వాటెమాల మొదలుకొని మధ్య అమెరికా తేమ అడవులు దీని పుట్టిల్లు. అక్కడ చెట్ల మీదే బతుకుతుంది. కొమ్మల పంగల్లో రాలిన ఆకులు కుళ్ళి పేరుకున్న పిడికెడు మట్టి చాలు దానికి. బదనికలా చెట్టు రసం పీల్చదు, ఆసరా మాత్రమే తీసుకుంటుంది. వాన పడితే తడుస్తుంది, ఆగితే కొద్దిసేపట్లోనే వేళ్ళ దగ్గర తడి ఆరిపోతుంది. అంటే వానల అడవిలో ఉన్నా దానికి నీటి ఎద్దడి తప్పదు. అందుకే ఎడారి కాక్టస్‌ల అలవాటు ఒకటి దీనికీ ఉంది: తేమ ఆవిరైపోకుండా పగలు తన సూక్ష్మరంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటుంది.

ముళ్ళు మాత్రం పోయాయి. విత్తనం నుంచి లేచిన పసి మొక్కకు సన్నని నూగులాంటి ముళ్ళు వచ్చి, పెద్దయ్యాక కనిపించకుండా పోతాయి. ఆకులూ లేవు. మనం ఆకు అనుకునేది నిజానికి చదునైన కాండం. చెట్ల నీడలో దొరికే కాస్త వెలుతురునూ పట్టుకోవడానికి అలా పలకలా పరుచుకుంది. దాని అంచు గాట్లలోంచి మొగ్గ ఎలా వస్తుందో, 'ఆకు' గుచ్చితే మొక్క ఎలా లేస్తుందో ఈ సంగతి తెలిస్తే ఆశ్చర్యం ఉండదు.

పువ్వు రాత్రే ఎందుకు? జానెడుకు మించిన పొడవు, సన్నని గొట్టంలాంటి కాడ, చీకట్లోనూ కనిపించే తెలుపు, గది దాటి వీధిలోకి పాకే వాసన: ఇవన్నీ పొడవాటి నాలుక ఉన్న రాత్రి చిమ్మటల కోసం. ఎనిమిది, తొమ్మిది గంటలకు విచ్చడం మొదలై, అర్ధరాత్రికి నిండుగా తెరుచుకుని, తెల్లారేసరికి వాడి మెడ వేలాడేస్తుంది. మన హారతి దాని లెక్కలో లేదు.

యూరప్ శాస్త్రవేత్తల పుస్తకాల్లోకి ఇది మెల్లగానే ఎక్కింది. 1753లో లిన్నేయస్ తనకు తెలిసిన కాక్టస్‌లన్నిటినీ ఒకే ప్రజాతిలో కలిపేశాడు. 1812లో ఇంగ్లండ్‌కు చెందిన ఏడ్రియన్ హావర్త్ చదును కాండాల వాటికి ఎపిఫిల్లం అని వేరే ప్రజాతి పెట్టాడు. 'ఆకు మీద' పూసేదని అర్థం, ఆ పొరపాటు పేరులో అలాగే ఉండిపోయింది. మన మొక్కను 1828లో జెనీవా శాస్త్రవేత్త డి కాండోల్ మొదట సెరియస్ ప్రజాతిలో వర్ణించాడు. మరుసటి ఏడే హావర్త్ దాన్ని తన ఎపిఫిల్లంలోకి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఎపిఫిల్లం ఆక్సిపెటాలం.

అసలు విచిత్రం ఆసియాలో జరిగింది. రిప్సాలిస్ బాక్సిఫెరా అనే ఒక్క జాతి ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ సహజంగా పెరుగుతుంది. అది తప్ప కాక్టస్‌లన్నీ అమెరికా ఖండాలవే. కొలంబస్ 1492లో అటు వెళ్ళకముందు ఈ పువ్వును మన వైపు ఎవరూ చూసి ఉండరు. అయినా చైనాలో దీనికి బౌద్ధ గాథల్లోని ఉదుంబర పుష్పం పేరు దక్కింది (ఉదుంబరమంటే మన మేడి). సింహళంలో ఇది కడుపుల్, నాగలోకం నుంచి బుద్ధుడికి కానుకగా వచ్చిందంటారు. జావాలో విజయకుసుమ, కృష్ణుడి పువ్వు. మనకు బ్రహ్మ. పాత కథలు ఎదురుచూస్తున్నట్టు ఉండి, కొత్త పువ్వు దిగగానే దత్తత తీసుకున్నాయి. ఇందులో మలయాళీలే నయమనిపిస్తుంది, నిశాగంధి అని ఊరుకున్నారు. హిమాలయాల బ్రహ్మకమలం పూర్తిగా వేరు. సాసూరియా ఒబ్వలాటా అనే ఆ మొక్క చామంతి కుటుంబంలోది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, సుమారు 3,700 మీటర్లకు పైన పూస్తుంది. విజయవాడ ఎండలో అది బతకదు.

ఇక పెంపకం. పుట్టిల్లు గుర్తుంటే సగం పని అయినట్టే. కాక్టస్ కదా అని డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే కాండం పసుపుబారి మాడుతుంది. అడవి మొక్క కదా అని రోజూ నీళ్ళు గుమ్మరిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. నా మటుకు తూర్పు వరండాను మించిన చోటు లేదు: పొద్దుటి ఎండ కాసేపు, తర్వాత వెలుగున్న నీడ. ఎర్రమట్టి ఒక్కటే నింపితే గట్టిపడి నీళ్ళు పట్టేస్తుంది. ఆకు ఎరువు, కోకోపీట్, ముతక ఇసుక, కొన్ని బొగ్గు ముక్కలు కలిపితే చెట్టు పంగలోని మట్టికి దగ్గరగా ఉంటుంది. పైన వేలు గుచ్చి పొడిగా తగిలాకే నీళ్ళు. నత్రజని ఎక్కువున్న ఎరువు దండిగా వేస్తే మొక్క ఏపుగా పెరుగుతుంది, మొగ్గ మాత్రం రాదు. పెద్ద కుండీ తొందరేమీ లేదు, వేళ్ళు ఇరుగ్గా ఉన్నా దీనికి ఇబ్బంది ఉండదు. కాండాల మధ్య తెల్లటి పిండినల్లి చేరితే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె చల్లితే సరిపోతుంది.

ఏడాదికొక్కసారే పూస్తుందన్న మాట కూడా నిజం కాదు. బాగా ముదిరిన మొక్క వేసవి చివర మొదలుపెట్టి వానాకాలంలో విడతలుగా పూస్తుంది. మన వీధుల్లో ఇది ఇల్లిల్లూ తిరిగింది కొమ్మల రూపంలోనే. జానెడు ముక్క కోసి, కోసిన చోట ఆరేదాకా నాలుగైదు రోజులు నీడలో ఉంచి, తల కిందులు కాకుండా నాటితే వేళ్ళు వేస్తుంది. పువ్వుకు రెండు మూడేళ్ళు ఆగాలి. మొగ్గలొచ్చేది ముదురు పలకల మీద కాబట్టి, అడ్డంగా ఉన్నాయని ఏటా కత్తెర వేసే ఇళ్ళలో పూత కనపడదు. మరీ ఒత్తుగా ఉంటే పూత అయిపోయాక అడుగున ముడతలు పడ్డవి రెండు మూడు తీసేస్తే చాలు. వాటిలో పచ్చగా ఉన్నవి అడిగినవాళ్ళకు ఇవ్వొచ్చు.