అమెరికా చేపల ప్లాంట్లలో ప్యాకర్ పని

పట్టి తెచ్చిన చేపలను, పీతలను, రొయ్యలను రకాలవారీగా ఏరి, తూచి, సంచుల్లోనో డబ్బాల్లోనో అట్టపెట్టెల్లోనో సర్ది శీతలీకరణకు పంపే కార్మికులను అమెరికా ప్లాంట్లలో ప్యాకర్లు అంటారు. ఈ పనికి పెద్ద కేంద్రం అలాస్కా. బ్రిస్టల్ బే తీరంలోని నాక్‌నెక్, డిల్లింగ్‌హామ్, అల్యూషన్ దీవుల్లోని డచ్ హార్బర్, కోడియాక్ దీవి ఇందులో ముఖ్యమైనవి. మేరీలాండ్‌లో పీతల ప్లాంట్లు, లూసియానాలో రొయ్యల ప్లాంట్లు ఉన్నాయి. ఇది నైపుణ్యం అక్కర్లేని పని కాబట్టి కూలి తక్కువన్నది పరిశ్రమ తరతరాలుగా వినిపించే మాట. చరిత్రను పరిశీలిస్తే ఆ మాట నిలవదు. ఈ పనికి ఎవరిని తెచ్చారు, చట్టం వారిని ఎక్కడ ఉంచింది అన్నవే ప్యాకర్ కూలిని ఎక్కువగా నిర్ణయించాయి.

ముందుగా పనిని దగ్గరగా చూడాలి. కింద దీపం వెలిగే గాజుబల్ల మీద చేప ముక్కను పరిచి, కండలో పురుగు గాని ముల్లు గాని మిగిలిందేమో చూసి తీసేయడం ఒక పని. సాల్మన్ గుడ్లను పొర చెడకుండా తీసి, రంగు, పరిమాణం, పక్వతలను బట్టి వేరుచేసి, ఉప్పు పట్టించి పెట్టెల్లో పేర్చడం ఇంకొకటి. జపాన్ కొనుగోలుదారులు ఈ గుడ్ల కోసం తమ నిపుణులనే అలాస్కా ప్లాంట్లకు పంపేవారంటే అందులో ఎంత నేర్పు ఉందో ఊహించవచ్చు. డబ్బాల ప్లాంటులో బరువు తగ్గిన డబ్బాను పట్టుకుని చిన్న ముక్క చేర్చడం, అంచు మీద పడ్డ ముల్లునో చర్మాన్నో తొలగించడం క్షణాల్లో జరగాలి. డబ్బా విషయంలో చిన్న లోపమైనా ప్రాణాంతకం కావచ్చు. 1982లో బెల్జియంలో డబ్బాలోని అలాస్కా సాల్మన్ తిన్న ఒకరు బొట్యులిజం అనే విషజబ్బుతో చనిపోయారు. యంత్రం వల్ల డబ్బా రేకుకు పడిన సన్నని చిరుగే కారణమని తేలింది, కోట్లాది డబ్బాలను వెనక్కి రప్పించారు. చేతి కదలికలు ఒక్క రోజులో వస్తాయన్నది నిజమే. ఏది పంపాలో, ఏది ఆపాలో తెలిసే చూపు మాత్రం ఒక్క రోజులో రాదు.

సాల్మన్‌ను డబ్బాల్లో పెట్టడం 1864లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నది మీద మొదలై 1878కి అలాస్కా చేరింది. తొలి దశాబ్దాల్లో ఈ పని ఎక్కువగా చైనా కార్మికులది. ముఠా మేస్త్రీ కంపెనీతో మొత్తంగా బేరం మాట్లాడుకుని వారికి కూలి పంచేవాడు. 1882 చట్టం చైనా కార్మికుల రాకను అడ్డుకున్నాక, ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో సియాటిల్‌కు చెందిన ఎడ్మండ్ స్మిత్ చేపను కోసి శుభ్రం చేసే యంత్రం తయారుచేశాడు. చైనీయులను కించపరిచే తిట్టునే దానికి పేరుగా పెట్టి అమ్మారు! ఎవరి నేర్పును యంత్రంలోకి దించారో ఆ పేరే ఒప్పుకుంటోంది. ఆ తర్వాత వచ్చిన ఫిలిప్పీన్ యువకులు 1933లో సియాటిల్‌లో సంఘం పెట్టుకున్నారు. మేస్త్రీల పెత్తనం పోయి, పని పంపకం సంఘం చేతికి వచ్చింది.

అయినా ప్లాంటులో గీత చెరగలేదు. ప్యాకింగ్ లైను మీద ఫిలిప్పీన్ సంతతివారు, అలాస్కా ఆదివాసులు. మెకానిక్, ఆఫీసు ఉద్యోగాల్లో ఎక్కువమంది తెల్లవారు. పడక గదులు వేరు, భోజనశాలలు వేరు. దీనిపై కార్మికులు 1974లో వేసిన, వార్డ్స్ కోవ్ ప్యాకింగ్ కంపెనీ పేరుతో నిలిచిన కేసులో సుప్రీంకోర్టు 1989లో 5-4 మెజారిటీతో కంపెనీల వైపు మొగ్గింది. లైను మీద ఎందరు ఉన్నారన్న లెక్క చాలదని, పై ఉద్యోగాలకు అర్హులు బయట ఎందరున్నారో చూడాలని చెప్పింది. ఈ వ్యవస్థలో తోటల (ప్లాంటేషన్) ఆర్థిక వ్యవస్థ పోలికలున్నాయని జస్టిస్ స్టీవెన్స్ తన అసమ్మతిలో అన్నాడు. 1991లో కాంగ్రెస్ పౌరహక్కుల చట్టాన్ని సవరించి ఆ తీర్పు ప్రభావాన్ని చాలావరకు తొలగించింది. అయితే 1975 మార్చి 1కి ముందు వేసి, 1983 అక్టోబరు 30 తర్వాత తొలి తీర్పు వచ్చిన కేసుకు సవరణలు వర్తించవని ఒక నిబంధన చేర్చింది. ఆ తేదీలు సరిగ్గా ఈ ఒక్క కేసుకే సరిపోయాయి. ఎవరి పోరాటం చట్టాన్ని మార్పించిందో వారికే ఆ చట్టం దక్కకుండా చేయడం ఘోరమైన అన్యాయం.

చేప ఆగదు కదా, పగలూ రాత్రీ పని తప్పదు కదా అన్న అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. బ్రిస్టల్ బేలో ఎర్ర సాల్మన్ రాక జూన్ చివరి నుంచి జూలై దాకా కొద్ది వారాల్లోనే ముగుస్తుంది. 2022లో అలా దాదాపు 7.9 కోట్ల చేపలు వచ్చాయి. ఆ రోజుల్లో షిఫ్టు 16 గంటలు నడవడం మామూలు. కానీ తొందర పని గంటలను వివరిస్తుందే తప్ప కూలి రేటును వివరించదు. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం కనీస కూలి, ఓవర్‌టైమ్ నిబంధనల నుంచి చేపల ప్లాంట్లకు మినహాయింపు ఇచ్చింది. తీరంలోని ప్లాంట్లకు ఓవర్‌టైమ్ మినహాయింపు 1974 సవరణలతో దశలవారీగా సడలి, 1976లో తొలగింది. చేప అంతే వేగంగా పాడవుతూనే ఉంది, ప్లాంట్లూ నడుస్తూనే ఉన్నాయి.

ఓవర్‌టైమ్‌తో ఒక్క సీజన్‌లో మంచి సొమ్ము మిగులుతుంది, ఇష్టపడే వస్తున్నారు అన్నది రెండో అభ్యంతరం. కొందరి విషయంలో అది నిజం. అయితే ఒప్పందం పూర్తయ్యేదాకా ఉంటేనే తిరుగు విమాన ఛార్జీ ఇచ్చే కంపెనీలున్న చోట, రోడ్డు దారి లేని ఊళ్లో, మధ్యలో మానేయడం తేలిక కాదు. మేరీలాండ్ పీతల ప్లాంట్లకు మెక్సికో నుంచి వచ్చే స్త్రీల తాత్కాలిక పని వీసా (హెచ్-2బి) ఒక్క యజమానికే ముడిపడి ఉంటుంది. పీతలు ఉడికించే చోట గాలిలో తేలే ప్రొటీన్ వల్ల కొందరికి ఉబ్బసం వస్తుందని వైద్య పరిశోధనలు నిర్ధారించాయి. అలాంటప్పుడు పని మానుకుంటే వీసా ఆధారమే పోతుంది. వీసాను యజమానికి కాక ఆ పనికి ముడిపెట్టి, రెండు వైపుల ప్రయాణ ఖర్చునూ షరతు లేకుండా యజమానే భరించేలా నిబంధన మారిస్తే, ప్యాకర్ తన కూలి గురించి బేరమాడే వీలు కలుగుతుంది.