డోర్నకలు దేవాలయ శిల్పము

1909వ సంవత్సరమున తిరునల్వేలి మండలవాసి యగు వేదనాయకము సామ్యూలు అజరయ్య నాటి నిజాము రాజ్యమునందలి డోర్నకలునకు బోధకుడై వచ్చెను. 1912లో నాతడు ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన ప్రథమ భారతీయు డయ్యెను. ఆతని పూనికతో నిర్మితమై 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ నొందిన ప్రధాన దేవాలయమున స్తంభములు దక్షిణదేశపు కోవెలల ననుసరించినవి. గుమ్మటములును మీనారులును మహమ్మదీయ శిల్పమును స్మరింపజేయును.

ఈ మేళనము కేవలము అలంకారము గాదు. ఈ సంఘస్థులలో మాల మాదిగ కులములవా రధికులు. ఊరి గుడిలో వారికి ప్రవేశము లేకుండెను. ఏ స్తంభములను సమీపించుటకు వారికి హక్కు లేకుండెనో, అట్టి స్తంభముల నడుమనే యిచట వారు ప్రార్థనకు గూర్చుండిరి. కావున డోర్నకలు శిల్పమును బరిశీలించువారు రూపమునే గాక, ఆ రూపము క్రింద జేరిన జనులను గూడ గణింపవలెను.