పన పడుకోబెట్టే రేకు

"ఏటి మావా, ఈ రేకు సరిపోతాదా?"

రాజాంలో ఓ వెల్డింగ్ షాపు ముందు నిలబడి ఉన్నారు మీరు. మార్గశిరం పొద్దు, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. అడిగిన కుర్రాడి చేతిలో ఖాళీ నూనె డబ్బా, కాళ్ల దగ్గర బ్రష్ కట్టర్. గడ్డి మిషను అనే అంటారిక్కడ. గట్ల మీద తుప్పలు కొట్టడానికి కొన్నది. ఇప్పుడు దాంతో వరి కొయ్యాలి.

పెద్ద కోత మిషను ఆ చిన్న మడుల్లోకి దిగదు. దిగినా గడ్డిని నలిపి పారేస్తుంది. పశువులున్న ఇంట్లో గడ్డి కూడా పంటే. కొడవలి పట్టే చేతులు చెన్నైకీ హైదరాబాదుకీ వలసెళ్లిపోయాయి. పైన ఆకాశాన్ని నమ్మలేం: 2021 డిసెంబరు మొదట్లో జవాద్ తుఫాను ఇటే వస్తుందన్నారు. అది చివరికి బలహీనపడి పూరీ వైపు పోయింది గానీ, చేలో పంట ఉన్నవాడికి ఆ నాలుగు రోజులూ కంటి మీద కునుకు లేదు.

గడ్డి మిషనుకి కొయ్యడం వచ్చు, పడుకోబెట్టడం రాదు. కోసిన దుబ్బులు చెల్లాచెదురైతే పనలు ఏరడానికే పూట పడుతుంది. కొడవలితో కోసేవాళ్ల ఎడమచేయి చేసే పని అదే, ఆ చేతినే ఇప్పుడు రేకుతో చెయ్యాలి. ఐరోపా, అమెరికా రైతులు ఒకప్పుడు పొడుగుపిడి కొడవళ్లకు చెక్కవేళ్లు బిగించుకున్నదీ ఇందుకే.

మావ డబ్బాని నిలువునా కోసి, రేకుని పాత గొట్టం మీద వంచుతాడు. మూరెడు ఎత్తు, కొద్దిగా లోపలికి తిరిగిన వంపు. వెనక సన్న ఇనుపకడ్డీ ఆసరా. రేకు అంచుని వేలితో తడిమి తల అడ్డంగా ఊపుతాడు. అంచు గరుగ్గా ఉంటే కంకులు తగిలి గింజ రాలిపోతుంది. పాత సైకిలు ట్యూబుని చీల్చి అంచు పొడుగునా తొడిగి, కట్టుతీగతో చుడతాడు. నా దృష్టిలో ఈ పనితనమంతా ఆ ట్యూబు ముక్కలోనే ఉంది.

"గార్డు తీసీమంటావా?"

"తియ్యకురా! కాళ్లుండాలా, వద్దా?"

రేకు కదలని గొట్టానికే బిగుస్తుంది, తిరిగే చక్రానికి ఎక్కడా తగలకూడదు. చక్రం నట్టు ఎడమ మరది. మామూలు నట్టు బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది. తీగ చుట్ట తీసి పళ్లచక్రం వేస్తారు. పైనుంచి చూస్తే అది గడియారానికి ఎదురు తిరుగుతుంది, కోసిన గడ్డిని ఎడమకి తోస్తుంది. కోసేవాడి ఊపూ ఎడమకే. అందుకే రేకు కుడివైపు, కాస్త వెనగ్గా నిలబడాలి.

చేను చేరేసరికి మంచు ఆరింది. ముందే నీరు తీసేసిన మడి, నేల గట్టిగా ఉంది. రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు, కంకులు వంగి ఉన్నాయి. కుర్రాడు కళ్లద్దాలు పెట్టుకుని, గట్టు మీది పిల్లల్ని దూరం పొమ్మని కేకేసి తాడు లాగుతాడు. పెట్రోలు వాసన, చెవులు గింగురుమనే మోత. కుడినుంచి ఎడమకి ఒక్క ఊపు. దుబ్బులు తెగి, ఒక్క క్షణం రేకుకి ఆనుకుని నిలబడి, ఊపు చివర కంకులన్నీ ఒకే వైపుకి ఒరిగి పడతాయి. మరో అడుగు. మరో పన.

మడి సగంలో రేకు గడగడలాడింది. ఇంజను ఆపి బోల్టులు మళ్లీ బిగిస్తాడు. అదురుకి అవి వదులవుతూనే ఉంటాయి. పాన సంచిలో ఉండాల్సిందే.

పనలు కట్టడానికొచ్చిన మామ్మ వంగి కొయ్యకాలు కొలుస్తోంది, జానెడుంది.

"ఇంతెత్తున కోసీసినావేటిరా? ఆవుకేటి ఎయ్యాల? గడ్డంతా సేలోనే వొగ్గీసినావు."

"కిందకెల్తే మట్టి తగుల్తాది, మామ్మా."

"తగిలితే పల్లు అరుగుతాయి. అరిగితే ఆకురాయితో రాసుకో."

కుర్రాడు భుజం పట్టీని రెండు కన్నాలు వదులు చేసి, చక్రాన్ని నేలకి బెత్తెడెత్తులో పట్టుకుని రెండో వరస మొదలెట్టాడు.