వాయుగుండం ఎడమ పక్క

2024 సెప్టెంబరు 1న తెల్లవారకముందే ఒక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. దాని వాన మాత్రం అక్కడికి సుమారు 450 కిలోమీటర్ల పడమటనున్న తెలంగాణలోని నర్సింహులపేట, మరిపెడ ప్రాంతాల మీద విరుచుకుపడి, ఆకేరు వాగును పొంగించి, కేసముద్రం దగ్గర రైలు కట్టను కోసివేసింది. వింతగా తోచినా వర్షాకాలపు వాయుగుండాల స్వభావమే అది: పడమటికి సాగే ఈ సుడులు కేంద్రంలో కంటె తమ దారికి ఎడమ పక్కన, అంటే నైరుతి భాగంలో, ఎక్కువగా కురుస్తాయి. ఆ కాలంలో నేల దగ్గర పడమటి గాలి, ఎత్తున తూర్పు గాలి వీస్తుండగా, సుడి చుట్టూ తిరిగే తేమగాలి ఆ పక్కనే పైకి లేస్తుంది.

వెచ్చని సముద్రం మీద గాలి తేలికపడి లేచినందువల్ల చుట్టుపక్కలకంటె పీడనం తగ్గిన ప్రదేశం అల్పపీడనం. దానిలోకి చేరే గాలులు భూభ్రమణం వల్ల మన అర్ధగోళంలో అపసవ్యంగా తిరుగుతూ, ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే వేడితో బలపడి, గంటకు 31 కిలోమీటర్ల వేగం అందుకొంటే వాయుగుండంగానూ, 62 అందుకొంటే తుపానుగానూ లెక్కకు వస్తాయి. రెండు సుడులు దగ్గరైతే ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయనీ, చివరకు కలిసిపోవచ్చుననీ జపాను శాస్త్రవేత్త ఫుజివారా 1921లో వివరించాడు. ఒక సుడి శేషం మరో సుడికి బీజమూ కావచ్చు: 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను దక్షిణ చైనా సముద్రం నుంచి వచ్చిన సుడి శేషంలో పుట్టింది.

మన తుపానుల చరిత్రలో 1864వ సంవత్సరానిది ప్రత్యేక స్థానం. అక్టోబరు 5న కలకత్తాను తుపాను ధ్వంసం చేసింది. నెల తిరగకుండానే, నవంబరు 1న, మరొకటి మచిలీపట్నం (బందరు) మీదికి సముద్రాన్ని ఎగదోసి సుమారు 30,000 మందిని బలిగొంది. కలకత్తా రేవుకు మరుసటి ఏడే తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో బ్లాన్‌ఫర్డ్ సారథ్యంలో వాతావరణ శాఖ ఏర్పడినప్పటి కథ చెప్పేవారు కూడా కలకత్తా తుపానునూ, ఆ తరువాతి కరవులనూ పేర్కొంటారే గాని బందరును తలచుకోవడం అరుదు. రాజధానిలో విరిగిన ఓడలకున్న విలువ బందరు ప్రాణాలకు లేకపోయిందనుకోవడం అన్యాయం కాదు.

అంతకు పూర్వపు శతాబ్దాల్లో వాయుగుండాల లెక్క దొరకదు గాని, వాటి నీటికి చేసిన ఏర్పాటు పాకాల, రామప్ప చెరువుల రూపంలో నేటికీ నిలిచి ఉంది. కాకతీయుల నాటి గొలుసు చెరువుల పద్ధతిలో ఒక చెరువు మత్తడి దుంకిన నీరు కింది చెరువును నింపుతుంది. కాని మత్తడిని కనిపెట్టి తూము లేపే నీరటి పని సన్నగిల్లడంతో, ఏ కట్ట ఎక్కడ బలహీనమో ఎరిగిన జ్ఞానం కూడా కనుమరుగైంది. ఇది చిన్న నష్టమేమీ కాదు. 1908లో హైదరాబాదును ముంచిన మూసీ వరద తరువాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య చేసిన పరిశీలనలో, ఆ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగినట్లు తేలింది. హైదరాబాదు రక్షణకు 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ సిద్ధమయ్యాయి.