కత్తెరకూ కదురుకూ నడుమ

హైదరాబాద్‌లోని ఎల్బీనగర్ కూడలి నుంచి విజయవాడ వైపూ, నాగార్జునసాగర్ వైపూ సాగే దారులు చేరే నల్లగొండ, రంగారెడ్డి మెట్టభూములు కురుమ, గొల్ల కులాల గొర్రెల మందలకు నెలవులు. ఆ పల్లెల్లో గొంగడి నేత గురించి కొంతైనా రాసినవారున్నారు గాని, నేతకు ముందు జరిగే పని ఎవరి దృష్టికీ అంతగా రాలేదు.

గొంగడికి ఆధారం దక్కనీ గొర్రె. దాని ఉన్ని ముతకది, వెంట్రుక కలిసినది, ఎక్కువగా నల్లనిది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించే ముందు జీవాలను చెరువులో దింపి కడుగుతారు. మట్టి పోకపోతే కత్తెర మొద్దుబారుతుంది. కత్తిరించిన బొచ్చును రంగులవారీగా వేరుచేసి, పొట్ట, కాళ్ల దగ్గరి నాసిరకాన్ని తీసివేసి, మెత్తగా ఉండే గొర్రెపిల్లల తొలి కోత ఉన్నిని విడిగా ఉంచుతారు. ఆపైన వేళ్లతో చిక్కులు విడదీస్తూ పల్లేరు ముళ్లనూ గడ్డి పరకలనూ ఏరివేస్తారు. ఓపిక పరీక్షించే ఈ పని తర్వాత, దూదేకులవారు పత్తికి వాడేలాంటి వింటినారితో ఉన్నిని ఏకుతారు, అనగా నారి అదురుకు ఉండలు విచ్చుకొని పోగులు పలుచగా ఎగిరిపడేలా చేస్తారు. ఇనుప పళ్ల దువ్వెన పోగులను ఒకే దిశకు తెస్తే, విల్లు వాటిని అడ్డదిడ్డంగా కలుపుతుంది. అందుకే ఆ నూలు బొద్దుగా, గాలిని పట్టి ఉంచేదిగా తయారవుతుంది. సబ్బుతోనో సోడాతోనో ఉడికించని ఉన్నిలో సహజమైన కొవ్వు కొంత మిగిలి ఉంటుంది గనుక, గొంగడి వాన నీటిని అంత త్వరగా పీల్చుకోదు. మెత్తని శాలువాకు ఇది పనికిరాదు, అయితే కాపరికి కావలసింది శాలువా కాదు.

ఏకిన ఉన్నిని చిన్న చుట్టలుగా చేసి స్త్రీలు రాట్నంపై వడికేవారు. నిలువు దారమైన పడుగుకు చింతగింజల గంజి పట్టించి పురుషులు గుంట మగ్గంపై నేసేవారు. 1920లో నిజాం రాజ్యపు కులాలపై వెలువడిన సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథం కురుమలను గొర్రెల పెంపకందారులుగా, కంబళ్ల నేతగాళ్లుగా పేర్కొంది.

ఈ పని తగ్గడానికి మిల్లు దుప్పటినే కారణంగా చూపడం పరిపాటి. అది సగం నిజమే. నగరం మాంసానికి ఇచ్చిన ధర ముందు ఉన్ని విలువ నిలవలేదు; చాలాచోట్ల దాన్ని అమ్మితే కత్తిరింపు కూలి సైతం రాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టినప్పుడు, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవాటిలో ఎక్కువ నెల్లూరు జాతివి. మాంసానికి పేరుపొందిన ఆ జాతి ఒంటిపై ఉండేది పొట్టి వెంట్రుకే, వడికేందుకు ఉన్ని ఉండదు.