ఖాకీ లోపలి పోరు

దొంగను తరిమే పోలీసు కన్నా తన మనస్సాక్షితో తలపడే పోలీసే నన్నెక్కువగా ఆకట్టుకుంటాడు. తెలుగు తెరపై అతణ్ణి వెతుకుతూ వెళ్తే మా గుడివాడ ప్రాంతపు మనిషే ముందుగా ఎదురయ్యాడు.

నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1981లో 'కొండవీటి సింహం'లో ఎస్పీ రంజిత్ కుమార్ పాత్ర ధరించారు. 1974 నాటి తమిళ 'తంగపతకం' ఛాయలున్న కథ అది. అక్కడ చట్టానికి అడ్డం తిరిగినవాడు కన్నకొడుకే. కాబట్టి లాఠీ ఎత్తిన ప్రతిసారీ దెబ్బ ముందు తండ్రికే తగిలేది.

1989లో కోడి రామకృష్ణ 'అంకుశం' వచ్చేసరికి పోరు ఇంటి గడప దాటింది. రాజశేఖర్ పోషించిన అధికారికి శత్రువు రౌడీ ఒక్కడే కాదు, వాణ్ణి కాచే అధికారబలం కూడా. చట్టం చేతులు కట్టేస్తుంటే, రామిరెడ్డి పోషించిన నీలకంఠాన్ని అతడు నడివీధిలో ఈడ్చుకుపోతాడు. ఆ దృశ్యానికి హాలంతా చప్పట్లు మోగాయి, నేనూ కొట్టాను.

ఇప్పుడు ఆ చప్పట్లే నన్ను బాధిస్తున్నాయి. మొదటి చిత్రంలో పోలీసు చట్టం కోసం తననే శిక్షించుకున్నాడు. రెండవదానిలో న్యాయం కోసం చట్టాన్నే పక్కన పెట్టాడు. మనం ఇద్దరినీ ఒకే రకంగా వీరులన్నాం.

ఏనుగును అదుపు చేసేది అంకుశం. దాన్ని పట్టిన చేతిని అదుపు చేసేదెవరు?